ఊళ్లో ఖాళీగా పడున్న భూమిని అడవికి వదలడం ఎలా? (ఉద్దానం, గరువు, కొండ కింద మెట్ట ఉన్నవాళ్లకి)

"అన్నా, నేను హైదరాబాద్‌లో ఉంటున్నా, పలాస దగ్గర మాకు ఎకరం మెట్ట ఉంది, చేసేవాళ్లు లేరు, అమ్మబుద్ధి కావట్లేదు, ఏ మొక్కలు నాటితే అడవిలా అవుతుంది?" నాకు వచ్చే మెసేజుల్లో సగం ఇవే. ఊరి పేరు మారుతుంది, ఒకరిది మందస, ఇంకొకరిది చీపురుపల్లి, మరొకరిది గజపతినగరం, కానీ చివర్లో "ఏ మొక్కలు" అన్న మాట మాత్రం మారదు. అందుకే ఒక్కసారి అంతా రాసి పెట్టేస్తున్నా, ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తా.

జవాబు ముందే చెప్పేస్తున్నా. మొదటి ఏడాది ఏమీ నాటకండి.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. నేలలో గింజలున్నాయి, కొట్టేసిన మోళ్లలో ప్రాణం ఉంది, గింజలు మోసే పిట్టలూ గబ్బిలాలూ ఊరి చుట్టూ ఉన్నాయి. అయినా అడవి రావట్లేదంటే ఏటా ఎవరో నిప్పు పెడుతున్నారు, ఏటా మేకలు మేస్తున్నాయి, ఏటా ఎవరో ట్రాక్టర్ తిప్పుతున్నారు. ఈ మూడూ ఆగితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం కింద వరసగా చెప్తాను.

సిద్ధాంతం ఒక్క పేరాలో ముగించేస్తా. రీవైల్డింగ్ (భూమిని మళ్లీ అడవికి వదలడం) అనగానే అందరూ అమెరికాలో యెల్లోస్టోన్ పార్కులో 1995లో తోడేళ్లని తెచ్చి వదిలిన కథే చెప్తారు. అది లక్షల ఎకరాల సంగతి, మనకి అక్కర్లేదు. మనకి దగ్గరగా ఉన్నది ఇంగ్లాండులో నెప్ అనే ఎస్టేట్, సుమారు 3,500 ఎకరాలు. బంకమట్టి నేలలో వ్యవసాయం గిట్టుబాటు కాక 2000 తర్వాత దున్నడం మానేసి వదిలేశారు. ముళ్ల పొదలు లేచాయి, పొదల్లోకి పురుగులొచ్చాయి, పురుగుల కోసం ఆ దేశంలో అరుదైపోయిన పిట్టలొచ్చాయి. మీ అరెకరంలో అంత జరగదు, కానీ అదే వరస ఇక్కడా నడుస్తుంది: గడ్డి, పొద, పురుగు, పిట్ట, పిట్ట రెట్టలో గింజ, చెట్టు. ఆ వరసలో మధ్యలో ఉన్న పొదని "పిచ్చి మొక్కలు" అని కొట్టేయడం దగ్గరే మనవాళ్ల బండి ఆగిపోతుంది.

ముందు మీ భూమి దీనికి పనికొస్తుందో లేదో చూసుకోండి

సొంత జిరాయితీ మెట్ట, గరువు, పాత జీడి తోట, కొండ వాలు, పంట పండని రాతి మూల, ఇవన్నీ బాగా పనికొస్తాయి. ఇరవై సెంట్లున్నా చాలు, తక్కువని మానేయకండి.

డి-పట్టా (సర్కారు పంచిన) భూమి అయితే ముందు తహసీల్దారు ఆఫీసులో కనుక్కోండి, సాగు చేయకుండా ఉంచితే ఇబ్బంది రావచ్చు. పోరంబోకు జోలికి వెళ్లకండి, అది ఊరి పశువులది.

సోంపేట బీల, తంపర లాంటి నీటి నేలల్లో చెట్లు నాటడం మేలు చేయదు, చెడగొడుతుంది. అక్కడి తుంగ, గడ్డి, బురదే ఆ నేల అడవి. ఆ నీటిని నమ్ముకునే కొంగలు, బాతులు వస్తాయి. అలాంటి నేల మీకుంటే చేయాల్సింది నీళ్లు బయటికి లాగే కాలవ మూయడం, గుర్రపుడెక్క తీయడం, అంతే. సముద్రపు ఒడ్డు ఇసుకలోనూ సరుగుడు వేయకండి, అక్కడ మొగలి పొదలు, ఇసుక మీద పాకే ఊదా పూల తీగ, గడ్డి ఉంటే చాలు. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డున ఖాళీ ఇసుక కావాలి.

కావలసినవి

- పాసుబుక్, అడంగల్, హద్దు రాళ్లు ఎక్కడున్నాయో తెలిసిన మనిషి
- పలుగు, పార, కత్తి, చేతి రంపం
- తోలు చేతి తొడుగులు, గమ్ బూట్లు (పాముల కోసం ఒక్కటే కాదు, సర్కారు తుమ్మ ముల్లు మామూలు చెప్పుని దూసుకుపోతుంది)
- పదహారు కర్రలు, పురికొస, రెండు వైపులా మూత తీసేసిన పాత పెయింట్ డబ్బా ఒకటి (చివర్లో నేలని పరీక్షించడానికి)
- ఫోన్, ఒక నోట్ బుక్
- ఊళ్లో ఉండే ఒక మనిషి. ఇది లేకుండా మొదలుపెట్టకండి. ఆ పక్క మేకలు కాసేవాళ్లనే పెట్టుకుంటే మంచిది, నెలకి ఎంతో కొంత ఇవ్వండి. మొక్కల పేర్లూ వాళ్లకే తెలుసు, మేకలు లోపలికి రాకుండా చూడగలిగేదీ వాళ్లే.

ఖర్చులో ఎక్కువ భాగం ఆ మనిషికీ కంచెకీ పోతుంది. మొక్కలకి దాదాపు ఏమీ అవ్వదు. ఎవరైనా మీకు మొక్కలకే పెద్ద ఎస్టిమేట్ ఇస్తే వాళ్లు చేసేది వేరే పని.

1. హద్దులు తేల్చుకోండి

సర్వే చేయించి రాళ్లు పాతించండి. సాగు చేయని భూమి మీద పక్కవాళ్ల గట్టు ఏడాదికి జానెడు జరుగుతుంది, ఇది మీకూ తెలుసు. ఊళ్లో నలుగురికీ చెప్పండి, "వదిలేశారు" అని కాకుండా "అడవి పెంచుతున్నారు" అని పేరు పడాలి. చిన్న బోర్డు పెట్టినా సరే. వదిలేసిన భూమిలో చెత్త పోస్తారు, పెంచుతున్న భూమిలో పోయడానికి కొంచెం మొహమాటపడతారు.

2. ఒక వానకాలం ఊరికే చూడండి

జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకోసారి ఎవరైనా తిరిగి రాసుకోవాలి. ఏ మోడు చిగురు వేసింది, నీళ్లు ఎటు నుంచి ఎటు పారుతున్నాయి, మట్టి ఎక్కడ కోసుకుపోతోంది, ఊరివాళ్లు నడిచే దారి ఎటుంది, పుట్టలు ఎక్కడున్నాయి. మోళ్ల దగ్గర రంగు గుడ్డ కట్టండి. పుట్టల్ని తవ్వకండి, చెదలే ఎండు కర్రని మట్టి చేస్తాయి, ఉడుములు, ముంగిసలు వాటి చుట్టూనే తిరుగుతాయి.

ఈ అయిదు నెలలూ చాలామందికి చేతులు ఊరుకోవు. ఎవరో ఫ్రీగా ఇస్తున్నారని కోనోకార్పస్ అనే పరాయి మొక్క తెచ్చి పెట్టేస్తారు. పెట్టకండి. ఏటేటా దున్నిన భూమి అయితే మొదటి ఏడాది వయ్యారిభామ తప్ప ఏమీ రాలేదని టెన్షన్ పడతారు, అది కదిలిన నేలలోనే విరగబడి మొలుస్తుంది, దున్నడం ఆపి నీడ వచ్చాక దానంతట అదే తగ్గుతుంది.

3. నిప్పు ఆపండి

మన వైపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అందరికీ అగ్గిపెట్టె మీదే చెయ్యి. జీడి గింజలు ఏరుకోవడానికి కింద శుభ్రంగా ఉండాలని ఆకు కాలుస్తారు, కొత్త గడ్డి కోసం కొండకి పెడతారు, బీడీ పీక పారేస్తారు. కాలిన పది రోజులకి, ఒక చినుకు పడితే, పచ్చగా కనిపిస్తుంది కాబట్టి మంచే జరిగిందనుకుంటారు. అలా మళ్లీ లేచేవి గడ్డి, లంటానా. బొటనవేలంత నేరేడు, తుమికి మొలకలు పైన మాడిపోయి మళ్లీ మొదటికొస్తాయి. ఏటా కాలిస్తే ఆ మొలక పదేళ్లయినా మోకాలు దాటదు.

చేయాల్సింది ఇది. జనవరి ఆఖరుకల్లా చుట్టూ పది అడుగుల వెడల్పున గడ్డి, ఆకు గీకి మట్టి కనిపించేలా చేయండి. గీకిన చెత్తని లోపలి వైపు, గీతకి దూరంగా వేయండి, దాన్ని అక్కడే తగలబెట్టకండి (నవ్వకండి, చాలామంది చేసేది ఇదే). ఎకరం దాటితే మధ్యలో కూడా ఒక గీత కావాలి. పక్క తోట వాళ్లతో ముందే మాట్లాడి, వాళ్లు ఎప్పుడు కాలుస్తారో ఆ రోజు మీ మనిషి అక్కడుండేలా చూసుకోండి. గోనె సంచులు, నీళ్ల డ్రమ్ము, పచ్చి వేప మండలు సిద్ధంగా ఉండాలి. మంట నడుము ఎత్తు దాటితే దగ్గరికి వెళ్లొద్దు, 101కి ఫోన్ చేయండి. అరెకరం మళ్లీ లేస్తుంది, మనిషి లేవడు.

4. మేకలు, ఆవులు

మూడు వానకాలాలు మేకలు లోపలికి రాకూడదు. మేక మొలక కొనని కొరికేస్తుంది. కంచెకి సర్కారు తుమ్మ కంప వేసుకోండి, ఎలాగూ దాన్ని కొట్టాలి కదా, వెనకాల వావిలి కొమ్మలు గుచ్చుకుంటూ పొండి, రెండేళ్లలో అదే కంచె అవుతుంది. పశువులు వావిలిని పెద్దగా ముట్టవు.

కరెంటు కంచె మాత్రం వద్దు. నేరుగా లైను తీగ తగిలించే పని నేరం, దాని వల్ల మనుషులు పోయారు, ఎలుగులు పోయాయి, ఏనుగులూ పోయాయి.

ఊరి పశువులు అలవాటుగా వచ్చే చోటైతే పూర్తిగా మూసేస్తే గొడవ అవుతుంది. "గడ్డి కోసుకెళ్లండి, పశువుల్ని మాత్రం వదలకండి" అని చెప్పండి. దాదాపు అందరూ ఒప్పుకుంటారు. నడిచే దారి ఉంటే దారి వదిలి రెండు వైపులా కంచె వేయండి.

మూడో ఏడాది దాటాక, మొక్కలు పశువు మూతికి అందనంత ఎత్తు ఎదిగాక, పంట కోతల తర్వాత రెండు ఆవుల్ని కొన్నాళ్లు వదలడం మంచిదే. గడ్డి మరీ దట్టమైపోతే మొలకకి చోటు ఉండదు, ఆవు తొక్కితే సందు దొరుకుతుంది, పేడకి పేడపురుగులు వస్తాయి. కానీ అవి సాయంత్రానికి ఇంటికి వెళ్లాలి. నెదర్లాండ్స్‌లో ఊస్ట్‌వార్డర్స్‌ప్లాసెన్ అనే చోట ఆవుల్ని, గుర్రాల్ని, జింకల్ని కంచె లోపల వదిలి ప్రకృతికే వదిలేశామన్నారు. వేటాడే జంతువు లేదు, బయటికి పోయే దారీ లేదు, మంద పెరిగిపోయింది, 2017-18 చలికాలంలో మేత చాలక బక్కచిక్కిపోయి మూడు వేలకు పైగా చనిపోయాయి, వాటిలో ఎక్కువ వాటిని బాధ చూడలేక కాల్చేయాల్సి వచ్చింది. వదిలేయడం, పట్టించుకోకపోవడం ఒకటి కావు.

5. పరాయి మొక్కలు తీయండి, కానీ ఒకేసారి అన్నీ కాదు

అసలు చెమట పట్టేది ఇక్కడే.

లంటానా: రంగురంగుల చిన్న పూల గుత్తులు, ఆకు నలిపితే ఘాటు వాసన. పైన కత్తితో నరికితే రెండింతలు లేస్తుంది. వానకి నేల మెత్తబడ్డాక, కాయ పట్టకముందు, మట్టి కొంచెం తవ్వి మూడు నాలుగు అంగుళాల లోతున తల్లి వేరుని పలుగుతో కోసి, పొదని తలకిందులుగా పెట్టేయండి, వేరు నేలకి తగలకుండా. అక్కడే ఎండిపోతుంది. ఏడాదికి మూడో వంతు మాత్రమే తీయండి, ఎందుకంటే ఇప్పుడు మీ పికిలి పిట్టలకీ కంజులకీ ఉన్న ఒకే ఒక్క పొద అదే కావచ్చు. తీసిన చోట వేరే పొద లేచాక మిగతాది. తర్వాత రెండేళ్లు పెద్ద చెట్ల కింద వెతకండి, పిట్టలు వాలే చోటే లంటానా మొలకలు పుంజుకుంటాయి, అప్పుడు చేత్తో పీకేస్తే అయిపోతుంది. పశువులకి ఆ ఆకు విషం, కోసి వాటికి వేయకండి.

సర్కారు తుమ్మ: వేరుతో సహా తీయకపోతే పని వృథా. చిన్నవి వానల్లో పీకేయండి, పెద్దవాటికి జేసీబీ పిలవకుండా మొదలు చుట్టూ తవ్వి కోయించండి, ఎందుకంటే జేసీబీ తిరిగిన నేలంతా మళ్లీ వయ్యారిభామకి పెట్టిన పెళ్లి విందు. కాయలు తిన్న మేకలు పేడలో గింజలు మోసుకొస్తాయి, నాలుగో అంచె గట్టిగా పాటించాలనడానికి ఇంకో కారణం అది.

వయ్యారిభామ: పూత రాకముందే పీకాలి. తొడుగులు, మాస్కు లేకుండా ముట్టుకోకండి, దురద, ఆయాసం వస్తాయి. పూత వచ్చేశాక కదిలిస్తే మీరే విత్తనం చల్లినట్టు.

నీలగిరి, ఆస్ట్రేలియా తుమ్మ: అన్నీ ఒకేసారి కొట్టకండి. కొన్నింటికి మొదలు దగ్గర జానెడు వెడల్పున బెరడు చుట్టూ వలిచేస్తే నిలబడే ఎండిపోతాయి, ఆ ఎండు మానుల్లో వడ్రంగి పిట్ట తొర్ర చేస్తుంది, ఆ తొర్రలోకి తర్వాత చిలకలు, గోరింకలు, పాలపిట్టలు దిగుతాయి. దారి పక్కన, ఇంటి పక్కన మాత్రం ఇలా చేయకండి, గాలికి పడతాయి. చెట్టు కొట్టడానికైనా, వలవడానికైనా ముందు ఫారెస్టు రేంజ్ ఆఫీసులో అడగండి, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం సొంత భూమిలోని చెట్లకీ వర్తిస్తుంది.

జీడి: ఇదీ పరాయిదే, పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చారు. కానీ ఉద్దానంలో ఎవరినైనా జీడి కొట్టేయమని చెప్పే ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు. నీడ మరీ ముదురుగా ఉన్న చోట నాలుగైదు కొమ్మలు తీసి ఎండ దిగేలా చేయండి, ఆ వెలుతురు మచ్చల్లో మొలకలు లేస్తాయి. తోటలో సగం గింజల కోసం, సగం అడవి కోసం అని పంచుకున్నా మంచి బేరమే. జీడి కోసేటప్పుడు పాలు ఒంటికి తగలనివ్వకండి, చర్మం బొబ్బలెక్కుతుంది.

కలుపు మందు కొట్టొచ్చా అని తప్పకుండా అడుగుతారు. వద్దు. మీకు కావలసిన తీగా పొదా మొలకా అన్నీ దానికి కలుపే.

6. మోళ్లని చెట్లు చేయండి

నన్నడిగితే ఈ మొత్తం పనిలో తక్కువ ఖర్చుకి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ఆఫ్రికాలో నైజర్ దేశంలో 1980లలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా ఆయన నాటిన మొక్కలన్నీ ఎండిపోతుంటే, పొలాల్లో పొదల్లా కనిపించేవి నిజానికి కొట్టేసిన చెట్ల మోళ్లని గమనించి, వాటి పిలకల్ని కాపాడమని రైతులకి నేర్పాడు. రెండు దశాబ్దాల్లో సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయి. వాళ్ల వాన మనలో సగం కూడా ఉండదు.

మన దగ్గర మోదుగ, తుమికి, నేరేడు, మద్ది, రేల, వేప, కానుగ మోళ్లు బాగా పిలకలేస్తాయి. ఎండాకాలంలో, చిగురుకి ముందు, ఒక్కో మోడుకి నిటారుగా ఉన్న మూడు నాలుగు పిలకలు ఉంచి మిగతావి మొదలు దగ్గర కోసేయండి. ఉంచిన వాటికి కింది సగం వరకూ పక్క రెమ్మలు తీయండి. కోసినవి మోడు మొదలు దగ్గరే పరిచేయండి. మరుసటి ఏడాది రెండుకి తగ్గించండి. కొన్ని మోళ్లని అసలు ముట్టుకోకుండా గుబురుగా వదిలేయండి, గూళ్లు పెట్టేది వాటిలోనే.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మొదటి ఏడాదే ఒక్క పిలక ఉంచి మిగతా అన్నీ కోసేస్తారు, అది గాలికో పశువుకో విరిగిపోతుంది.

7. నీళ్లు నిలబెట్టండి

వాలు ఉంటేనే ఇది. ఉద్దానం ఇసుక నేలలో నీళ్లు ఎలాగూ ఇంకుతాయి, అక్కడ కందకాలు దండగ. ఎర్ర గులక నేల, కొండ వాలు అయితే రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, పదడుగుల పొడవున కందకాలు, వాలుకి అడ్డంగా, ఒకదాని కింద ఒకటి కాకుండా సందులు తప్పించి తవ్వండి. మట్టి కింది వైపు వేయండి. కందకం మట్టంగా ఉందో లేదో వాన పడ్డాక తెలుస్తుంది, నీళ్లు ఒక మూలకే చేరితే సరిచేయండి. గెడ్డ (వాగు) ఏదైనా మీ భూమిలోంచి పోతుంటే దానికి అడ్డు కట్టకండి, కింద వాళ్ల పొలాలున్నాయి.

పల్లపు మూలలో చిన్న కుంట ఒకటి తవ్వితే పిట్టలు త్వరగా అలవాటు పడతాయి. ఒక వైపు ఏటవాలుగా ఉండాలి, లోపల పడ్డ ప్రాణి ఎక్కి రావాలి కదా. సిమెంటు వద్దు, చేపలు అసలే వద్దు, అవి కప్ప పిల్లల్ని మిగల్చవు. వేసవిలో ఎండిపోతే కంగారు పడకండి. ఇంటి దగ్గరైతే పిల్లల కోసం కంచె తప్పనిసరి.

8. పిట్టలకి చోటివ్వండి

వ్యవసాయ శాఖవాళ్లు పురుగుల కోసం చేలో పాతమనే టి ఆకారపు కర్రలే, ఎనిమిది పదడుగుల ఎత్తున, ఎకరానికి పది పదిహేను పాతండి. కింద రెండడుగుల మేర గడ్డి తీసి ఆకు పరచండి. పిట్ట వాలుతుంది, రెట్ట వేస్తుంది, వచ్చే వానకి వేప, నేరేడు, రేగు, బలుసు మొలకలు కనిపిస్తాయి. లంటానా కూడా కనిపిస్తుంది, దాన్ని పీకండి.

9. ఇప్పుడు, లేనివి మాత్రం, నాటండి

రెండో వానకాలమో మూడోదో. మీ రెండో అంచె నోట్ బుక్ తెరిచి ఏవి వాటంతటవే వచ్చాయో చూడండి, వాటిని నాటక్కర్లేదు. పిట్ట నోట పట్టని పెద్ద గింజలవి, మీ చుట్టుపక్కల తల్లి చెట్టు లేనివి నాటండి: ఇప్ప, తాని, కరక్క, మద్ది, కానుగ, ఇండుగ. వీటితో పాటు మర్రి, జువ్వి, మేడి తప్పకుండా ఉండాలి, మిగతా చెట్లకి కాయ లేని నెలల్లో కూడా వీటికి పండు ఉంటుంది.

విత్తనం నర్సరీ నుంచి కాకుండా దగ్గర్లోని అమ్మవారి తోపు నుంచో, పాత చెరువు గట్టు నుంచో, అడిగి, ఏరుకోండి. గుగ్గిలం ఉత్తరపు కొండలది, దాన్ని ఒడ్డుకి తేకండి.

గింజల సంగతి చాలామంది తప్పు చేస్తారు కాబట్టి కొంచెం వివరంగా:

- నేరేడు, ఇప్ప, వేప: పండు రాలిన వారంలోపే పాతండి. ఎండబెట్టి డబ్బాలో దాస్తే చచ్చిపోతాయి.
- రేల: పెంకు గట్టి. వేడి నీళ్లు పోసి ఒక రోజు నాననిస్తే ఉబ్బుతాయి, ఉబ్బినవే పాతండి.
- కానుగ: నేరుగా పాతేయొచ్చు.
- మర్రి, జువ్వి: చేతి మణికట్టంత లావు కొమ్మ, ఆరడుగులది, తొలకరికి పాతండి.
- తాటి: టెంక పాతి మర్చిపోండి.

వరసల్లో వద్దు, గుంపులుగా పెట్టండి. రేగు, బలుసు, పరికి లాంటి ముళ్ల పొద మొదలు దగ్గర మొక్కని పెడితే దానికి నీడా ఉంటుంది, మేక నుంచి కాపలా కూడా. ఎరువు వేయకండి. మొదటి వేసవిలో పది రోజులకోసారి నీళ్లు పోస్తే చాలు, కుదరకపోతే మానేయండి, కొన్ని పోతాయి, పోనివ్వండి.

మియావాకీ (మొక్కల్ని కిక్కిరిసి నాటే జపాన్ పద్ధతి) చేయొచ్చా? పట్నంలో స్కూలు మూలకైతే బాగుంటుంది. చదరపు మీటరుకి మూడు మొక్కల లెక్కన అరెకరానికి ఆరు వేలు దాటతాయి, వాటికి నీళ్లు, మనుషులు. ఊళ్లో ఉన్న భూమికి ఆ డబ్బు కాపలా మనిషికి ఇస్తే ఎక్కువ అడవి వస్తుంది. విత్తన బంతులు విసరడం ఫొటోకి బాగుంటుంది, గడ్డి మీద పడ్డ బంతి గడ్డిలోనే ఎండుతుంది.

10. ఎలుగు, పాము, పక్క రైతు

ఉద్దానంలో ఎలుగులు జీడి పళ్లకీ పనస పళ్లకీ తోటల్లోకి వస్తాయని వేరే చెప్పక్కర్లేదు. ఇంటికీ నడిచే దారికీ వంద గజాల లోపు దట్టమైన పొద పెంచకండి, పనస నాటకండి. తెల్లవారుజామున, మసక చీకట్లో ఒంటరిగా లోపలికి వెళ్లకండి, మాట్లాడుకుంటూ వెళ్లండి.

ఎలకలు పెరిగితే పాములొస్తాయి, అది పని జరుగుతోందనడానికి గుర్తు, పక్కింటివాళ్లకి మాత్రం అలా చెప్పకండి. పొలం వైపు పదడుగుల మేర గడ్డి పొట్టిగా కోసి ఉంచండి, నిప్పు గీత ఎలాగూ అక్కడే. కాటు పడితే మంత్రాలు, కట్లు అని ఆగకుండా 108. ఎక్కడో పట్టిన పాముల్ని, ఉడుముల్ని, తాబేళ్లని తెచ్చి మీ అడవిలో వదలమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. రావలసినవి వాటంతటవే వస్తాయి.

పని జరుగుతోందా లేదా ఎలా తెలుస్తుంది?

ఒకే చోట నిలబడి ఒకే వైపు, జూన్, నవంబరు, మార్చిలో ఫొటో తీయండి. కంటికి మార్పు తెలియదు, ఫొటోలో తెలుస్తుంది.

నాలుగు చోట్ల కర్రలు పాతి మీటరు చదరం గుర్తు పెట్టి, ఏటా అక్టోబరులో అందులో ఎన్ని మొలకలు, ఎన్ని రకాలు అని లెక్కపెట్టండి. రకాలు పెరగాలి. ఒక్క రకమే సగానికి మించి ఆక్రమిస్తే అయిదో అంచెకి వెనక్కి వెళ్లండి. మొలకలు ఉండి, ఏడాది తర్వాత అంతే ఎత్తులో కనిపిస్తే మేకో నిప్పో లోపలికి వస్తోంది, మీ మనిషి ఏం చెప్పినా సరే.

మూత తీసిన డబ్బాని రెండంగుళాలు నేలలోకి దించి లీటరు నీళ్లు పోసి ఎంతసేపట్లో ఇంకుతాయో చూడండి. ప్రతి ఏడాదీ అదే నెలలో, అదే చోట. సమయం తగ్గుతూ రావాలి. ఆకు పేరి, వానపాములు తిరిగితే తగ్గుతుంది.

తెల్లవారాక పావుగంట కూర్చుని వినండి. మొదట పికిలి, గోరింక, కోయిల. తర్వాత తేనెపిట్టలు. తొర్రల పిట్టలకి ఎండు మాను కావాలి కాబట్టి వాటికి టైం పడుతుంది. నెమలిని చూసి సంబరపడకండి, అది మీ అడవి లేకపోయినా వస్తుంది, పంట ఉన్న చోటల్లా తిరుగుతోంది. పేర్లు తెలియకపోతే మెర్లిన్, ఐనాచురలిస్ట్ యాప్‌లు ఉన్నాయి. పెద్ద చెట్టు పెరిగితే ఇంకేం రావచ్చో చూడాలంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లండి, గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఊళ్లో చెట్ల మీదే గూళ్లు పెడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఇళ్ల మధ్య చింత చెట్ల మీద నత్తగుల్ల కొంగలు ఉంటాయి. అక్కడివాళ్లు రెట్టల కంపు భరిస్తున్నారు కాబట్టే అవి ఉన్నాయి.

మూడేళ్లు కాకుండా ఫెయిల్ అని తేల్చకండి. మొదటి ఏడాది మీ భూమి చూసినవాళ్లంతా "పాడుపెట్టేశారు" అనే అంటారు.

ఇంకొక్కటి, ఏటా అక్టోబరులో వచ్చే ప్రశ్న. తుఫానుకి చెట్లు పడిపోయాయి, తీయించేయాలా? 2014లో హుద్‌హుద్ తర్వాత, 2018లో తిత్లీ తర్వాత చాలామంది తీయించేసి నేల చదును చేయించారు. దారికి, కరెంటు తీగకి, పక్కవాళ్ల పొలానికి అడ్డంగా పడ్డది తీయండి. మిగతాది పడ్డ చోటే వదిలేయండి. వేరు ఇంకా నేలలో ఉన్న చెట్టు పడుకునే చిగురిస్తుంది, కొమ్మల గుబురు లోపలికి మేక మూతి దూరదు కాబట్టి మొలకలు అక్కడే ముందు లేస్తాయి. కట్టెల కోసం ఎవరైనా అడిగితే చేతి లావు కొమ్మలు ఇవ్వండి, మానుని మాత్రం ఇవ్వకండి. మార్చి లోపు ఆ ఎండు కొమ్మల చుట్టూ నిప్పు గీత ఇంకోసారి గీకించండి, తుఫాను పడిన మరుసటి వేసవే అన్నిటికంటే ఎక్కువ కాలేది.